బోర్డు మీద రాసిందల్లా చట్టం కాదు

ఇంటర్ తప్పి పట్నం వచ్చి ఒక హోటల్ల సప్లయర్‌గ చేరిన. గల్లపెట్టె పక్కన గోడకు ఒక అట్ట బోర్డు ఉండేది. "గ్లాసు పలిగితె జీతంల కట్. గిరాకి బిల్లు కట్టకుంట పోతె సప్లయర్ జీతంల కట్" అని ఎర్ర రంగుతోని రాసి ఉండేది. నాకు నెలకు 1,200 రూపాయల జీతం. ఒక ఆదివారం రద్దీల నలుగురు బిర్యానీలు తిని, చేతులు కడుగుతున్నట్టు చేసి జారుకున్నరు. ఆ నెల నా చేతికి వచ్చింది ఏడు వందల చిల్లర. ఇదేంది సేటు అని అడిగితె బోర్డు దిక్కు వేలు చూపెట్టిండు. "సదువుకున్నోనివి గద, సదువు" అన్నడు. సదివిన. తల దించుకొని పోయి టేబుల్ తుడిచిన. గోడ మీద రాసి ఉన్నదంటె అది చట్టమే అనుకున్న.

మస్తు ఏండ్ల తర్వాత ఆబిడ్స్ల ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకుంటుంటె జీతాల చెల్లింపు చట్టం చేతికి తగిలింది. అది 1936 నాటిది. అంటె నేను ఆ హోటల్ల అడుగు పెట్టేటందుకు అరవై ఏండ్ల ముందుగాలనే పుట్టింది. జీతంల కోత పెట్టాలంటె కారణం ఉండాలె, దానికి ఒక లెక్క ఉండాలె, కోసే ముందు పనోని మాట వినాలె అని దాంట్ల రాసి ఉన్నది. నాకు ఎవ్వరు చెప్పలే. చెప్పేటోల్లు ఉంటె ఆ ఐదు వందలు మిగిలేవి. అంతకంటె ఎక్కువ, తల దించుకునుడు తప్పేది.

ఇప్పుడు మన ఊర్ల పిల్లలు హోటల్ మేనేజ్‌మెంట్, టూరిజం చదువులకు పోతున్నరు. గచ్చిబౌలిల నిథిమ్ ఉన్నది, విద్యానగర్ దిక్కు ఐహెచ్ఎం ఉన్నది, ప్రైవేటు కాలేజీలు లెక్కలేనన్ని ఉన్నయి. 2021ల రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది. అదే ఏడు పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాలల్ల ఒకటిగ లెక్కగట్టింది. అంటె ఈ కొలువు ఇగ పట్నం ముచ్చటనే కాదు, మన ఊరి ముచ్చట. పిల్లలకు టేబుల్ ఎట్ల సర్దాలె, నాప్‌కిన్ ఎట్ల మలవాలె అని మంచిగనే నేర్పుతున్నరు. "లీగల్ ఆస్పెక్ట్స్" అని ఒక పేపరు కూడ పెడ్తరు. పరీక్ష అయిపోంగనే అది మర్చిపోతరు. అందుకే ఆ పేపరులుండె ముచ్చట మన మాటల్ల చెప్త. తమ్మీ, చెల్లే, జెర ఓపికగ చదువుండ్రి. ఫోన్ల సేవ్ చేసుకోండ్రి.

ముందుగాల మెట్లు తెలుసుకో

చట్టం అంటె ఒక నిచ్చెన అనుకో. అన్నిటికంటె పై మెట్టు మీద రాజ్యాంగం. దాని కింద పార్లమెంటు, అసెంబ్లీ చేసిన చట్టాలు. వాటి కింద రూల్స్, జీవోలు. ఇంక కిందికి వస్తె నీకు, హోటలోల్లకు మధ్యల కాంట్రాక్టు. అట్టడుగు మెట్టు మీద మేనేజ్‌మెంట్ పాలసీ, హెచ్‌ఆర్ మెయిలు, గోడ మీది బోర్డు. కింది మెట్టు పై మెట్టును కొట్టెయ్యలేదు. ఈ ఒక్క మాట యాదికుంటె సగం పేపరు పాసయినట్టే.

ఇంకొక తేడా ఉన్నది. సివిల్ వేరు, క్రిమినల్ వేరు. బాండు పైసలు, జీతం బాకీ, గెస్టుకు నష్టం, ఇవి సివిల్ పంచాయితీలు. దొంగతనం, కొట్టుడు, బెదిరించుడు, ఆడపిల్ల మీద చెయ్యి వేసుడు, ఇవి నేరాలు. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఎందుకు చెప్తున్న అంటె, హోటళ్లల్ల గెస్టు వస్తువు పోయిందంటె ముందుగాల రూమ్ బాయ్ మీదనే పడ్తరు. అనుమానం ఉంటె పోలీసులకు ఫిర్యాదు ఇచ్చుకోవచ్చు. గంతే గానీ ఒక పిలగాన్ని గదిల పెట్టి బయట గొళ్లెం పెడ్తె అది అక్రమ నిర్బంధం, సంహితల 127వ సెక్షన్ కింద నేరం. మేనేజర్ పోలీసోడు కాడు. పోలీసులే అరెస్టు చేసినా 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందట నిలబెట్టాలె. అది రాజ్యాంగం 22వ అధికరణం.

సంతకం: కాంట్రాక్టు అంటె ఏంది

1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇప్పటికీ నడుస్తున్నది. దాని ప్రకారం ఒకరు అడగాలె, ఇంకొకరు ఒప్పుకోవాలె, రెండు దిక్కుల నుంచి ఏదో ఒకటి ఇచ్చిపుచ్చుకోవాలె. ఒప్పుకున్నది మనసుతోని ఒప్పుకోవాలె. బెదిరించి, మోసం చేసి, అబద్ధం చెప్పి సంతకం పెట్టిస్తె దాన్ని రద్దు చెయ్యమని అడగొచ్చు. ఇద్దరికీ 18 ఏండ్లు నిండి ఉండాలె.

ఈ 18 ఏండ్ల ముచ్చట మన పిల్లలకు శాన అవసరం. పదో తరగతి, ఇంటర్ కాంగనే డిప్లొమాల చేరేటోల్లు 16, 17 ఏండ్లోల్లే ఉంటరు. వాళ్లతోని కూడ బాండ్ల మీద సంతకాలు పెట్టించుకుంటున్నరు. కలకత్తల ఒక మైనర్ పిలగాడు ఇండ్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్న కేసు లండన్ల ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. మోహరీ బీబీ కేసు అంటరు. 1903ల తీర్పు వచ్చింది. మైనర్ చేసిన ఒప్పందం మొదటి నుంచే చెల్లదు అని తేల్చిండ్రు. నూటా ఇరవై ఏండ్లు దాటినా మన కోర్టులు ఇదే మాట మీద ఉన్నయి. అయితె రెండు జాగ్రత్తలు. అప్రెంటిస్ చట్టం కింద మైనర్ తరఫున తల్లో తండ్రో సంతకం పెట్టి చేసే ఒప్పందం చెల్లుతది. ఇంక నీ బాండుకు నాయిన జామీను సంతకం పెడ్తె, నువ్వు తప్పించుకున్నా నాయిన మెడకు చుట్టుకునే ఆస్కారం ఉంటది. అందుకే "ఊకె ఫార్మాలిటీ, ఇక్కడ పెట్టు పెద్దమనిషీ" అంటె నమ్మొద్దు.

మరి 18 నిండినోల్లు బాండు రాసిస్తె? ఇక్కడ అర్ధం తెలిసినోల్లు ఇద్దరే తప్పులు చెప్తరు. "ఏ బాండు చెల్లదు, పట్టించుకోకు" అనేటోడు ఒకడు. "బాండు రాసినవంటె పూర మొత్తం కట్టాలె" అనేటోడు ఇంకొకడు. రెండూ సరిగ్గ లేవు. 2025 మేల సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు కేసుల, మూడేండ్ల లోపల కొలువు ఇడిస్తె 2 లక్షలు కట్టాలె అన్న షరతు చెల్లుతది అన్నది. కాబట్టి బాండు అంటె ఉత్త కాయితం కాదు. కానీ కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ఏమంటదంటె, బాండు మీద ఎంత రాసినా, కోర్టు ఇప్పించేది న్యాయమైన పరిహారమే, రాసిన అంకె దాటకుంట. నీ ట్రెయినింగు మీద వాళ్లు ఎంత పెట్టిండ్రు, నువ్వు పోతె ఎంత నష్టం అన్నది చూస్తరు. వారం రోజులు ట్రే పట్టుడు నేర్పి ఐదు లక్షలు ఇయ్యి అంటె కోర్టు కాడ చెప్పుకొనుడు వాళ్లకు కష్టం. ఇంక "మా దగ్గర మానేసినంక రెండేండ్లు ఏ హోటల్ల చెయ్యరాదు" అన్న షరతుకు 27వ సెక్షన్ అడ్డం. మనిషి బతుకుతెరువును కట్టేసే ఒప్పందం చెల్లదు.

ఒరిజినల్ సర్టిఫికెట్ల ముచ్చట. 2018 అక్టోబర్‌ల యూజీసీ ఆదేశం ఇచ్చింది. యూనివర్సిటీలు, వాటి కింది కాలేజీలు ఒరిజినల్స్ చూసి వెంటనే వాపస్ ఇయ్యాలె, దగ్గర పెట్టుకోరాదు అని. కొలువుల కూడ ఇదే పద్ధతి పెట్టుకో. జిరాక్సు ఇయ్యి, ఒరిజినల్ చూపెట్టు, అదే చేత్తోని వాపస్ తీస్కో. తప్పనిసరై ఇస్తె "ఫలానా తారీఖు ఫలానా సర్టిఫికెట్లు తీసుకున్నం" అని స్టాంపు వేసిన రసీదు లేకుంట ఇయ్యకు.

జీతం: కోతకు లెక్క ఉన్నది

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లకు వచ్చినయి. కార్మిక సంఘాలు వీటిమీద కొట్లాడుతున్నయి. సమ్మె హక్కు, యూనియన్ల ముచ్చట్ల నాకు కూడ వాటితోని పేచీ ఉన్నది. కానీ ఉన్న చట్టంల మనకు పనికొచ్చేది ఇడిచిపెట్టొద్దు కద.

ఒకటి, అపాయింట్‌మెంట్ లెటర్ ఇయ్యాలె. అది లేకపోతె రేపు లేబర్ ఆఫీసుల "ఈ పిలగాడు ఎవ్వడో మాకు తెల్వదు" అంటరు. రెండు, నెల జీతం వచ్చే నెల 7వ తారీఖు లోపల పడాలె. మానేసినా, తీసేసినా రెండు పనిదినాలల్ల లెక్క తేల్చాలె. మూడు, ఓవర్‌టైమ్ చేయించుకుంటె మామూలు రేటుకు రెండింతలు ఇయ్యాలె. పనికి వారంల 48 గంటల లెక్క ఉన్నది. పెండ్లిళ్ల సీజన్ల 14 గంటలు బాంక్వెట్ హాల్ల నిలబెట్టి "లైన్ అంటె గిట్లనే ఉంటది" అంటె, లైన్ గట్ల ఉండొచ్చు గానీ చట్టం గట్ల లేదు.

నాలుగు, నా పాత బోర్డు ముచ్చట. కొత్త వేతనాల కోడ్ల కూడ పాత మాటనే ఉన్నది. జుర్మానా వెయ్యాలంటె ఏ తప్పుకు వేస్తరో ముందుగాలనే ప్రభుత్వం ఆమోదం తీసుకొని నోటీసు పెట్టాలె. నీ సంజాయిషీ వినాలె. అది ఆ నెల జీతంల 3 శాతం దాటరాదు. 15 వేల జీతానికి 450 రూపాయలు. గంతే. వస్తువు పలిగిందంటె, అది నీకు అప్పజెప్పిన వస్తువై ఉండాలె, నీ నిర్లక్ష్యంతోనే పలిగి ఉండాలె, నష్టం ఎంతనో అంతే కోయాలె, అది కూడ నీ మాట విన్నంకనే. అన్ని రకాల కోతలు కలిపినా సగం జీతం దాటరాదు. గిరాకి బిల్లు ఎగ్గొట్టి పోతె అది సప్లయర్ నిర్లక్ష్యం ఎట్లయితది? గేటు కాడ నిలబెట్టింది నన్ను కాదు గద.

ఐదు, పీఎఫ్, ఈఎస్ఐ. 20 మంది పనిచేసే కాడ పీఎఫ్ ఉంటది, 10 మంది ఉంటె ఈఎస్ఐ. నెలకు 21 వేల లోపు జీతమున్నోనికి ఈఎస్ఐల 0.75 శాతం మాత్రమే కోస్తరు, యజమాని 3.25 శాతం కడ్తడు. కిచెన్ల నూనె మీద పడి చెయ్యి కాలిన రోజు దాని విలువ తెలుస్తది.

ఇంటర్న్‌షిప్ పిల్లలు ఒకటి తేల్చుకోవాలె. కాలేజీ కోర్సుల భాగంగ పంపిన విద్యార్థివా, అప్రెంటిస్ చట్టం కింద రిజిస్టరైన అప్రెంటిస్‌వా, జీతానికి చేరిన కార్మికునివా? మూడింటికి మూడు లెక్కలు. అప్రెంటిస్‌కు స్టైపెండ్ తప్పనిసరి, పనిల దెబ్బ తగిలితె పరిహారం కూడ ఉంటది. ఉత్త కాలేజీ ట్రెయినింగుల స్టైపెండ్ అన్నది కాలేజీకి, హోటల్‌కు కుదిరిన ఒప్పందం మీద ఉంటది. అందుకే పోయే ముందట ఆ ఒప్పందం కాపీ అడుగుండ్రి. ఎన్ని గంటలు, ఎంత స్టైపెండ్, ఉండేటందుకు జాగ ఎవరిది, దెబ్బ తగిలితె దవాఖాన ఖర్చు ఎవరిది. ఈ నాలుగు ప్రశ్నలు అడిగితె ఎవ్వరూ ఉరి వెయ్యరు.

చెల్లెలకు ఒక మాట

హోటల్ పనిల నవ్వుకుంట మాట్లాడాలె అని నేర్పుతరు. నవ్వు కొలువుల భాగం, వేధింపు సహించుడు కొలువుల భాగం కాదు. 1997ల సుప్రీంకోర్టు విశాఖ తీర్పు ఇచ్చింది. దాని మీదికెళ్లి 2013ల పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చింది. పది మంది, అంతకంటె ఎక్కువ పనిచేసే ప్రతి చోట అంతర్గత కమిటీ ఉండాలె. దానికి ఆడామె అధ్యక్షురాలు ఉండాలె. పది మంది కంటె తక్కువ ఉన్న కాడ, లేదంటె యజమానే తప్పు చేస్తె, జిల్లాల లోకల్ కమిటీకి పోవచ్చు.

చట్టంల ఉద్యోగి అంటె పర్మినెంటోల్లే కాదు. ట్రెయినీ, అప్రెంటిస్, కాంట్రాక్టు మనిషి అందరూ వస్తరు. వేధించింది గెస్టు అయినా కూడ, పనికాడికి వచ్చే బయటోల్ల నుంచి కాపాడే బాధ్యత యజమానిదే. "ఆయన రెగ్యులర్ కస్టమర్, సర్దుకో" అనేటందుకు మేనేజర్‌కు హక్కు లేదు. జరిగిన మూడు నెలల లోపల రాసి ఇయ్యాలె. సరైన కారణం ఉంటె ఇంకో మూడు నెలలు పెంచొచ్చు. 90 రోజులల్ల విచారణ ముగియాలె. నీ పేరు బయటపెట్టరాదు. ఈ కొలువుకు పోతున్న బిడ్డ నాయినలకు ఒక మాట: పిల్ల ఫోన్ చేసి చెప్తె "కొలువు ఇడిచి ఇంటికి రా" అని ముందుగాల అనకుండ్రి. "రాసి ఇచ్చినవా బిడ్డా" అని అడుగుండ్రి.

గెస్టు: మన మీద ఉన్న బాధ్యత

హక్కులు మనకే కాదు, మన కాడికి వచ్చినోనికి కూడ ఉంటయి. ఇది తెలిస్తెనే మంచి హోటలోడు అయితడు.

పార్కింగ్ చీటీ మీద "వాహనం బాధ్యత ఓనరుదే" అని చూస్తుంటం. 1998ల ఢిల్లీల తాజ్‌మహల్ హోటల్‌కు ఒక గెస్టు రాత్రి మారుతి జెన్ కారుల వచ్చిండు. తాళాలు వాలెట్ చేతికి ఇచ్చి లోపలికి పోయిండు. తిరిగి వచ్చేసరికి కారు లేదు. కేసు ఇరవై ఏండ్లకు పైన నడిచింది. 2019 నవంబర్‌ల సుప్రీంకోర్టు తేల్చింది: తాళాలు తీసుకున్నంక ఆ కారు హోటల్ కస్టడీల ఉన్నట్టే. తన తప్పు లేదని హోటలే చూపెట్టాలె. తన నిర్లక్ష్యం ఉన్నప్పుడు చీటీ మీద అచ్చేసుకున్న ఒక లైను అడ్డం పెట్టుకొని తప్పించుకోలేదు. చట్టం భాషల దీన్ని బెయిల్‌మెంట్ అంటరు. మన మాటల్ల అప్పగింత. ఊర్ల ఎవరన్న బర్రెను చూడు అని అప్పజెప్పి పోతె, మన బర్రె లెక్కనే చూస్తం గద. అదే సూత్రం.

ఇంకొకటి జాగ్రత్త చూసే బాధ్యత. 2019 సెప్టెంబర్ 15న గోదావరిల కచ్చులూరు కాడ పాపికొండల యాత్ర బోటు మునిగింది. పదుల మంది చనిపోయిండ్రు. మన వరంగల్ దిక్కోల్లు, హైదరాబాదోల్లు కూడ దాంట్ల ఉండిరి. రేపు మీరు లక్నవరంల బోటు కాడనో, సాగర్ లాంచీ కాడనో కొలువు చేస్తరు. లైఫ్ జాకెట్ వేసుకోనని గెస్టు మారాం చేస్తె "సార్ గుస్సా అయితడు" అని ఊకోకుండ్రి. వేసుకోకపోతె ఎక్కనియ్యకుండ్రి. "మా ఇష్టంతోనే ఎక్కుతున్నం" అని సంతకం తీసుకున్నా, నిర్లక్ష్యంతోని పానం పోతె ఆ కాయితం కాపాడదు. ఇక్కడ కూడ అదే ముచ్చట.

బిల్లు ముచ్చట. సర్వీస్ చార్జీ పన్ను కాదు. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ, బిల్లుల దాన్ని తనంతట తానే కలపరాదు, ఇంకో పేరు పెట్టి గుంజరాదు అని చెప్పింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను నిలబెట్టింది. ఇష్టమైతె ఇస్తరు, లేకుంటె లేదు. నీళ్ల సీసా ముచ్చట మాత్రం వేరు. హోటల్ల కూసుండబెట్టి ఇచ్చే సీసాకు ఎమ్మార్పీ కంటె ఎక్కువ తీసుకోవచ్చు, అది ఉత్త అమ్మకం కాదు, సేవ కూడ కలిసి ఉన్నది అని 2017 డిసెంబర్‌ల సుప్రీంకోర్టు చెప్పింది. నాకు ఆ తీర్పు మింగుడు పడలే గానీ, ఉన్నది ఉన్నట్టు చెప్పాలె కద.

వాట్సాప్‌ల ఒక మెసేజ్ తిరుగుతుంటది. 1867 నాటి సరాయి చట్టం ప్రకారం ఎవరైన ఏ పెద్ద హోటల్‌కైన పోయి ఉత్తగ నీళ్లు తాగొచ్చు, టాయిలెట్ వాడుకోవచ్చు అని. నేను ఆ చట్టం తెప్పించుకొని చదివిన. సరాయి నడిపేటోడు గదులు, మోరీలు, బాయిలు సాఫ్ ఉంచాలె, కావలి పెట్టాలె, రేట్ల పట్టిక అందరికి కనవడేటట్టు పెట్టాలె అని ఉన్నది. బాటసారికి ఉత్తగ ఇయ్యాలె అని నాకు ఎక్కడ కనవడలే. దాహమైనోనికి నీళ్లు ఇచ్చుడు మన మర్యాద, దానికి చట్టం ఎందుకు? కానీ ఫార్వర్డ్ మెసేజ్ కూడ గోడ బోర్డు లాంటిదే. అదీ చట్టం కాదు.

తలుపు కాడ ఎవర్ని ఆపొచ్చు

"ప్రవేశ హక్కులు మావే" అని పెద్ద హోటళ్ల తలుపు మీద రాస్తరు. తాగి లొల్లి చేసేటోన్ని ఆపొచ్చు. పైసలు కట్టనోన్ని ఆపొచ్చు. గదులు నిండితె లేవనొచ్చు. కానీ రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగంల సాఫ్ రాసి ఉన్నది: మతం, జాతి, కులం, ఆడామగా, పుట్టిన చోటు, ఈ కారణాలతోని ఏ పౌరున్ని దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాలకు రాకుంట అడ్డుకోరాదు. రాజ్యాంగం రాసేటోల్లు "హోటల్" అన్న మాటను ఎందుకు పెట్టిండ్రో మన ఊర్లల్ల పెరిగినోల్లకు చెప్పాల్సిన పని లేదు. రెండు గ్లాసుల హోటళ్లు మనం చూసినం. మా నాయిన తాగిన గ్లాసు ఆయనే కడిగి చూరు కింద బోర్లించి వచ్చేది. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం అంటరానితనం పేరు మీద హోటల్ల అడ్డుకునుడును నేరం చేసింది. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దాని కంటె గట్టిది. ఇయ్యాల గ్లాసు మారింది. కానీ పేరు చివర తోక చూసి, గడ్డం చూసి, బుర్ఖా చూసి "రూములు ఖాళీ లేవు" అనుడు ఇంక ఉన్నది. రేపు రిసెప్షన్ కాడ నిలబడేది నువ్వే తమ్మీ. నీ నోట ఆ అబద్ధం రానియ్యకు.

పెండ్లి కాని జంటకు రూము ఇయ్యరాదు అన్న చట్టం లేదు. కోయంబత్తూరుల సీలు వేసిన ఒక లాడ్జింగ్ కేసుల 2019ల మద్రాస్ హైకోర్టు ఇదే మాట చెప్పింది. ఇద్దరికీ 18 నిండి, ఐడీ ఉండాలె, గంతే. ఐడీ తీసుకునుడు, రిజిస్టర్ల రాసుకునుడు మాత్రం మన పని. విదేశీయులు దిగితె, హోటలోల్లు "ఫారం సి" అని పిలిచే వివరాలు 24 గంటల లోపల ఆన్‌లైన్ల పంపాలె. 2025 సెప్టెంబర్ 1 నుంచి పాత ఫారినర్స్ చట్టం జాగల కొత్త ఇమిగ్రేషన్, ఫారినర్స్ చట్టం వచ్చింది. బాధ్యత మాత్రం అట్లనే ఉన్నది. ఇంక గెస్టు ఆధార్ కాపీ, ఫోన్ నంబరు మన చేతిల పెట్టిన అప్పగింతనే. దోస్తులకు చూపెట్టేటందుకు కాదు.

గల్ఫ్ విమానం ఎక్కే ముందట

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు పిల్లలు హోటల్ డిప్లొమా పట్టుకొని దుబాయ్, దోహా పోతున్నరు. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం లైసెన్సు లేని ఏజెంటు విదేశాలకు మనుషుల్ని పంపరాదు. లైసెన్సు ఉన్నోడు కూడ తన ఫీజు 30 వేలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలె. ఈ-మైగ్రేట్ సైట్ల లైసెన్సు నంబరు కొట్టి చూడుండ్రి. పది పాసైనోని పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్సు అక్కర లేదు. అది సౌలత్ అనుకుంటరు గానీ, క్లియరెన్సు కాడ జరిగే తనిఖీ కూడ నీకు ఉండదు అని అర్థం. నీ కాయితాలు నువ్వే తనిఖీ చేసుకోవాలె. విజిట్ వీసా మీద పంపి "అక్కడ మారుస్తం" అంటె ఎక్కకు. పాస్‌పోర్టు నీది కూడ కాదు, 1967 చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి. అట్లాంటిది ఒక సేటు బీరువల పెట్టుకునేటందుకు ఏ హక్కు ఉంటది?

ఎవరి కాడికి పోవాలె

జీతం బాకీ, కోత ఉంటె లేబర్ ఆఫీసు. గెస్టుగ నష్టపోతె 1915కు ఫోన్ చెయ్యి. జిల్లా వినియోగదారుల కమిషన్ల కేసు వెయ్యాలంటె రెండేండ్ల లోపల వెయ్యాలె. నువ్వు ఉండే జిల్లాలనే వెయ్యొచ్చు, గోవ ట్రిప్పు కేసుకు గోవ పోవాల్సిన పని లేదు. కట్టింది 5 లక్షల లోపు అయితె కమిషన్ ఫీజు కూడ లేదు. నేరమైతె ఏ పోలీస్ స్టేషన్లనైన జీరో ఎఫ్ఐఆర్ చేయించొచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ పైసలు లేకుంటనే ఇయ్యాలె. ఆడోల్లకు 181 ఉన్నది.

"వకీలుకు పైసలు ఏడికెళ్లి తెస్తం అన్నా" అని అడుగుతరు. 1987 న్యాయసేవల చట్టం కింద ఆడోల్లకు, ఎస్సీ, ఎస్టీలకు, పిల్లలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు, ఆదాయం ఎంతున్నా ఉచితంగ వకీలును ఇస్తరు. ప్రతి జిల్లా కోర్టుల ఆ సంస్థ ఆఫీసు ఉంటది. 15100కు ఫోన్ చెయ్యొచ్చు. మన పిల్లలల్ల సగం మందికి పైన ఈ లెక్కలకే వస్తరు, కానీ ఆ గది తలుపు కొట్టేటోల్లు తక్కువ.

చివరకు నాలుగు అలవాట్లు. సంతకం పెట్టే ముందట చదువు, అర్థం కాకపోతె ఒక దినం టైం అడుగు. సంతకం పెట్టిన ప్రతి కాయితం ఫొటో తీసి ఇంటికి పంపు. పని గంటలు ఒక చిన్న నోటుబుక్కుల రోజు రాసుకో. ఏది చెప్పినా నోటితోని కాక మెసేజ్ పెట్టి చెప్పు, సాక్ష్యం ఉంటది.

నాకు జరిగింది ఐదు వందల ముచ్చట. పోయినయి, నేను బతికిన. కానీ ఆ దినం సేటు వేలు చూపెట్టినప్పుడు, "ఈ బోర్డు ఏ చట్టం కింద పెట్టినవు సేటు?" అని ఒక్క మాట అడిగి ఉంటె ఎట్లుండేది అని ఇప్పటికీ అనుకుంట. నన్ను ఎల్లగొట్టేటోడేమో. కానీ తల దించుకొని కాదు, తల ఎత్తుకొని బయటికి వచ్చేటోన్ని. మీరు అడుగుండ్రి. మర్యాదగనే అడుగుండ్రి. కానీ అడుగుండ్రి.